నొక్కితే తెరుచుకున్న మూత

మూడు వారాలుగా ఈ పేజీ అమెరికా నుంచి వస్తున్నదని మీకు తెలుసు. అక్కడి వింతలేమైనా రాయమని ఉత్తరాలు వస్తున్నాయి. గోల్డెన్ గేటు వంతెన గురించి రాయమని ఒకరు, కొండలంత చెట్ల గురించి రాయమని ఇంకొకరు. వంతెన చూశాను. 1937లో తెరిచారట, ఎర్రగా, ఠీవిగా బాగానే వుంది. మంచు కమ్ముకుని సగం కనిపించలేదు. అంతకు మించి రాయడానికి నాకేమీ తోచలేదు. కాని రెండు రోజులపాటు నన్ను కట్టిపడేసిన వస్తువు ఒకటి వుంది. అది మా అల్లుడుగారి కారు షెడ్డులో, అరచేతిలో ఇమిడే ఒక గొళ్ళెం. ఈ వారం కబురు దాని గురించే. వంతెనలూ చెట్లూ ఎక్కడికీ పోవు.

మా అల్లుడుగారు మితభాషి. ఆయనది కాకినాడ. పాతికేళ్ళుగా కాలిఫోర్నియాలో కంప్యూటర్ల ఉద్యోగం. నేను వచ్చి ఆరు వారాలయింది. "భోజనం అయిందా మావయ్యగారూ?", "నిద్ర పట్టిందా అండీ?" ఈ రెండు ప్రశ్నలతోనే ఆరు వారాలూ నెట్టుకొచ్చారు. నేనూ "ఆఁ" "ఆఁ" అని రెండు జవాబులతో సరిపెట్టాను. మామా అల్లుళ్ళ సంభాషణ ఇంతకంటే బాగా సాగుతున్న ఇళ్ళు మీ ఎరికలో వుంటే నాకు రాయండి.

ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం ఒక పాత కారు. పోర్షే కంపెనీ వారి 912 అనే నమూనా, 1968లో తయారయింది. మీగడ రంగు. ఇద్దరు సుఖంగా కూర్చోవచ్చు. వెనక సీట్లని పేరుకి రెండున్నాయి గాని అవి చంటిపిల్లలకో కూరగాయల సంచులకో తప్ప పనికిరావు. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో పెద్దాయన దగ్గర కొన్నారట. ఆదివారాలు దాన్ని తుడిచి, ఒక గంట తిప్పి తెచ్చి, మళ్ళీ దుప్పటి కప్పి పెడతారు.

మా అమ్మాయికి అది గిట్టదు. గిట్టకపోవడంలో అన్యాయమేమీ లేదు. ఏభై ఏళ్ళు దాటిన బండి షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది, రోజూ ఆఫీసుకు వెళ్ళే తన కారు వీధిలో ఎండకి ఎండుతుంది. పైగా పెద్దమనవరాలు వచ్చే సెప్టెంబరులో కాలేజీలో చేరుతోంది. ఇక్కడి కాలేజీ ఫీజుల గురించి చెప్పి మీ భోజనం చెడగొట్టను. "నాన్నా, దాన్ని అమ్మెయ్యమని నువ్వు చెప్పు. నీ మాటయితే కాదనరు" అంది. నేను చెప్పాను. ఒకరోజు రాత్రి మజ్జిగన్నం కలుపుకుంటూ, పెద్దరికం తెచ్చిపెట్టుకుని, "పాత ఇనుము మీద మమకారం దేనికి బాబూ" అన్నాను. ఆయన ఒక్క క్షణం కంచంలోకి చూసి, "అలాగేనండి" అన్నారు. అంతే. నాలుగు రోజుల్లో బేరం కుదిరింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కొనేమనిషి చూడటానికి వస్తాడు.

నేను ఆ "అలాగేనండి" విన్నాక రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. "నిద్ర పట్టిందా అండీ?" అని అడిగితే మాత్రం "ఆఁ" అనే అన్నాను.

శనివారం ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వెళ్ళానుకదా, గుప్పుమని పెట్రోలు వాసన. అల్లుడుగారు అప్పటికే కారు పక్కన నిలబడి వున్నారు. చేతిలో నల్లటి చిన్న బుడిపె, దాని తోక లాగా రెండంగుళాల తీగె ముక్క. మొహం పాలిపోయి వుంది.

"ఊడొచ్చిందండి" అన్నారు.

ఏమి ఊడొచ్చిందో చెప్పాలంటే ఈ కారు నిర్మాణం కాస్త చెప్పాలి. మన కార్లకి ముందు ఇంజను, వెనక డిక్కీ. దీనికి అంతా తలకిందులు. ముందు మూత ఎత్తితే పెట్టె బేడా పెట్టుకునే చోటు, పెట్రోలు ట్యాంకూ వుంటాయి. ఇంజను వెనక మూత కింద వుంటుంది. ఆ ఇంజనుకి నీళ్ళు పొయ్యక్కర్లేదు, గాలితోనే చల్లబడుతుంది. వెనక మూతకి వున్న జాలీ ఆ గాలి పీల్చుకోవడానికే. ఈ ఏర్పాటు వాళ్ళ వంశంలోనే వుంది. జర్మనీలో వోక్స్‌వాగన్ అనే బొద్దింక ఆకారపు కారుని రూపొందించిన ఫెర్డినాండ్ పోర్షే గారి పేరే ఈ కంపెనీది. ఆయన కొడుకు ఫెర్రీ పోర్షే హయాములో 1948లో ఆస్ట్రియాలోని గ్ముండ్ అనే ఊళ్ళో 356 అనే మొదటి పోర్షే కారు తయారయింది. ఆ తరవాతి కారుని 1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో 901 అనే పేరుతో పెట్టారు. మధ్యలో సున్నా వున్న మూడంకెల పేర్లు మావి అని ఫ్రాన్సులోని ప్యూజో కంపెనీవారు అభ్యంతరం చెప్పారు. సున్నా తీసి ఒకటి పెట్టారు, అది 911 అయింది. సున్నాకి కూడా హక్కుదారులుంటారని నాకు అంతవరకూ తెలియదు. ఆర్యభట్టు వారసులు విన్నట్లు లేదు.

911కి ఆరు సిలిండర్లు, 1991 సి.సి., 130 గుర్రాల బలం. ధర కూడా ఆ మేరకే వుండేది. అంత పెట్టలేనివారి కోసం అదే ఒంట్లో పాత 356 తాలూకు నాలుగు సిలిండర్ల ఇంజను, 1582 సి.సి., 90 గుర్రాలది, కూర్చి 1965లో 912 అని అమ్మారు. అంటే మా అల్లుడుగారిది జరీ పంచె కాదు, జరీ అంచు వేసిన నూలు పంచె అన్నమాట. ఇలాంటి పాత కార్లు కాలిఫోర్నియాలో ఎక్కువగా మిగిలి వుండటానికి కారణం ఇక్కడి పొడి గాలి. వానలూ, మంచు మీద చల్లే ఉప్పూ వున్న రాష్ట్రాల్లో ఇనుము ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయింది.

సరే, గొళ్ళెం దగ్గరికి వద్దాం. వెనక మూత తెరవటానికి బయట పిడి ఏమీ వుండదు. డ్రైవరు తలుపు తెరిస్తే, ఆ తలుపు వచ్చి మూసుకునే స్తంభంలో చిన్న బుడిపె వుంటుంది. దాన్ని లాగితే, కారు ఒంటిలోనే వున్న ఒక గొట్టంలోంచి తీగె వెనక్కి పోయి అక్కడి గొళ్ళేన్ని వదులు చేస్తుంది. సైకిలు బ్రేకు కేబులు ఎలా పనిచేస్తుందో అలాగే. తలుపుకి తాళం వేస్తే ఇంజనుకి కూడా తాళం వేసినట్లే. తెలివైన ఏర్పాటే. కాని ఆ తీగె తెగిన రోజున ఇంజను సొంతదారుకి కూడా దొరకదు.

ఆయన చేతిలో వున్నది ఆ బుడిపె, ఆ తీగె.

మామూలు రోజయితే ఇది నవ్వుకునే సంగతి. కాని వాసన వుందే! ట్యాంకు ముందు, ఇంజను వెనక. పెట్రోలు కారు పొడుగునా ప్రయాణం చేసి, చివర రబ్బరు గొట్టాల్లోంచి రెండు కార్బురేటర్లకి చేరుతుంది. ఆ గొట్టాల మీద నూలు అల్లిక వుంటుంది, లోపలి రబ్బరు పగిలినా పైకి కనపడదు. ముందురోజు సాయంత్రం కొనేవాడికి చూపించేముందు ఒకసారి తిప్పి చూద్దామని అల్లుడుగారు అరగంట నడిపి తెచ్చారు. ఎక్కడో కారింది. ఎక్కడో చూడాలంటే మూత తెరవాలి. మూత రాదు.

అప్పుడు ఆయన మూల వైపు చూశారు. నేనూ చూశాను. ఇక్కడి ఇళ్ళలో చాలాచోట్ల నీళ్ళు కాచే గ్యాసు బాయిలరు కారు షెడ్డులోనే వుంటుంది. అందులో చిన్న దీపం రాత్రింబవళ్ళు వెలుగుతూనే వుంటుంది. మన దేవుడి గదిలో అఖండ దీపం లాగా. పక్క గోడ అవతల గదిలో మనవరాళ్ళు ఇద్దరూ నిద్రపోతున్నారు.

"మావయ్యగారూ, తొయ్యగలరా?" అన్నారు. ఆరు వారాల్లో ఆయన నన్ను అడిగిన మూడో ప్రశ్న.

డెబ్భై ఒకటో ఏట మోటారు కారు తోస్తానని అనుకోలేదు. షెడ్డు తలుపు ఎలక్ట్రిక్ మీటతో లేపకుండా చేత్తోనే లేపారు. మీట నొక్కితే నిప్పురవ్వ పడొచ్చునట. దీపం వున్న వైపుకి వెళ్ళి గ్యాసు కట్టేసి వచ్చారు. ఇద్దరం కలిసి కారుని తోసుకుంటూ బయట నేల మీదికి తెచ్చాం. ఇంజను స్టార్టు చేసే ప్రసక్తే లేదు. ముందు మూత వేరే కేబులుతో తెరుచుకుంటుంది గనక అది తెరిచి, ఎడమ పక్కనున్న బ్యాటరీ వైరు విప్పేశారు. మంట ఆర్పే ఎర్ర సిలిండరు తెచ్చి గడ్డిలో పెట్టారు. ఈ పనులన్నీ ఒక్క మాట మాట్లాడకుండా, వరసగా చేసుకుపోతుంటే, ఈయన మితభాషి కాదు, పని జరిగేటప్పుడు మాటలు అనవసరమనుకునే మనిషి అని నాకు తోచింది. అమ్మాయి పెళ్ళయి ఇరవయ్యేళ్ళు. ఇవాళ తోచింది!

పాత కారు వున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఇంజను దగ్గర మంట అనుమానం వస్తే మూత బార్లా తెరవకూడదు. గాలి తగిలి భగ్గుమంటుంది. సందు మాత్రం చేసి ఆ సందులోంచి ఆర్పే మందు కొట్టాలి. ఆ సందు మన చేతుల్లో వుండాలంటే గొళ్ళెం మాట వినాలి. గొళ్ళెం పాడయితే ఏముందిలే అనుకునేవారికి ఇదే నా సమాధానం.

మెకానిక్కుకి ఫోను చేశారు. మంగళవారం దాకా తీరదు, బండిని ఎత్తి తెప్పించండి అన్నాడు. కొనేవాడు వచ్చేది ఆదివారం.

తలుపు స్తంభంలో బుడిపె వుండే బెజ్జంలోకి బ్యాటరీ లైటు వేసి చూశాం. అదృష్టం కొద్దీ తీగె బుడిపె దగ్గరే తెగింది. లోపల కొద్దిగా వెనక్కి, చీపురు పుల్లలాగా విచ్చుకుపోయిన కొస కనపడుతోంది. అల్లుడుగారు సన్నమూతి పట్టకారుతో దాన్ని అందుకుని లాగారు. టింగుమని రెండు పోచలు తెగి ఊడి వచ్చాయి. మళ్ళీ పట్టి లాగారు. ఇంకో పోచ. మిగిలిన నాలుగు పోచలూ తెగితే కొస గొట్టం లోపలికి జారిపోతుంది. అప్పుడు కారు కింద పడుకుని, పొగ గొట్టాల సందుల్లోంచి చెయ్యి దూర్చి, కంటికి కనపడని గొళ్ళేన్ని వెతుక్కోవాలి. ఆయన నుదుటి మీద చెమట. మూడోసారి పట్టకారు బిగించారు.

"ఆగండి బాబూ" అన్నాను.

మా తెనాలి ఇంట్లో పెరటి తలుపు వుండేది. వేపచెక్క. ఎండాకాలం చిటికెన వేలుతో గడియ తీసేవాళ్ళం. శ్రావణమాసం వచ్చిందంటే చెక్క ఉబ్బి, తలుపు ద్వారబంధాన్ని తన్నిపట్టుకునేది. గడియ ఎంత లాగినా రాదు. కొత్తగా వచ్చిన చుట్టాలు గడియతో కుస్తీ పట్టి వేళ్ళు నలగ్గొట్టుకునేవారు. మా అమ్మ వచ్చి, గడియ జోలికి పోకుండా, ముందు తలుపుని భుజంతో లోపలికి ఒక్క నొక్కు నొక్కేది. అప్పుడు గడియ వెన్నలాగా జారేది. తలుపు నెడుతున్నంతసేపూ గడియ దాని బరువు మోస్తూ వుంటుంది. మోస్తున్నవాణ్ణి పక్కకి జరగమంటే ఎలా జరుగుతాడు?

"మీరు గట్టిగా లాగకండి. నేను మూత నొక్కుతాను. నొక్కినప్పుడు మెల్లిగా లాగండి" అన్నాను.

ఆయన నా వంక చూశారు. ఇంజనీరు గదా, వివరించనక్కరలేకపోయింది. నేను కారు వెనక్కి వెళ్ళి, నంబరు పలకకి పైన, మూత అంచు మీద రెండరచేతులూ ఆనించి నా బరువంతా వేశాను. నా బరువు చెప్పుకోదగ్గదేమీ కాదు. అయినా మూత కాస్త కిందికి కుంగడం చేతులకి తెలిసింది.

"ఊఁ" అన్నాను.

టక్.

చేతులు తీసేసరికి మూత తనంతట తనే బెత్తెడు లేచింది. అల్లుడుగారు పట్టకారు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. తరవాత ఆయన నవ్వడం చూశాను. పెళ్ళి ఫోటోలో కూడా అంత నవ్వలేదు.

కారుతున్న గొట్టం వెంటనే దొరికింది. ఎడమ కార్బురేటరుకి పోయేది, బిగింపు దగ్గర పగిలింది. ఇక్కడి పెట్రోలులో నూటికి పది పాళ్ళు ఇథనాలు కలుస్తోంది, పాతకాలపు రబ్బరుకి అది పడదు. మన దేశంలో 2025 నాటికి ఇరవై పాళ్ళదాకా వచ్చింది గనక, పాత స్కూటర్లూ కార్లూ వున్నవారు రబ్బరు గొట్టాలు ఒకసారి వంచి చూసుకోవడం మంచిది. వంచితే గీతలు పడ్డట్లు పగుళ్ళు కనిపిస్తే ఇక దాన్ని నమ్మకండి. మధ్యాహ్నానికి అల్లుడుగారు కొత్త గొట్టాలు తెచ్చి అన్నీ మార్చేశారు. ఒకటి పగిలితే మిగతావీ అదే వయసువి.

ఇక గొళ్ళెం. దీనిది రెండు ముక్కల సంసారం. పైముక్క మూతకి బిగించి వుంటుంది. స్ప్రింగు చుట్టిన ఒక చీల అందులోంచి కిందికి దిగి వుంటుంది. దాని కొస కోసుగా వుంటుంది, కొసకి పైన సన్నటి మెడ. కింది ముక్క కారు ఒంటికి వుంటుంది. అందులో జరిగే పలక ఒకటి. మూత వేసినప్పుడు చీల లోపలికి దిగి పలకని పక్కకి నెడుతుంది, మెడ రాగానే పలక వెనక్కి వచ్చి పట్టుకుంటుంది. బుడిపె లాగితే పలక జరిగి మెడని వదుల్తుంది, చీల చుట్టూ వున్న స్ప్రింగు మూతని పైకి తన్నుతుంది. ఇంతే యంత్రం. చీలకి మరలు వుంటాయి. పైనున్న నట్టు వదులుచేసి, స్క్రూడ్రైవరుతో చీలని తిప్పితే పొడుగు పొట్టి అవుతుంది. పొడుగు చేస్తే మూత వదులుగా కూర్చుంటుంది, పొట్టి చేస్తే బిగుస్తుంది. మరీ పొట్టి చేస్తే మెడ పలక దాకా దిగక, అసలు పట్టదు.

మాది చూస్తే, ఆఖరి మర దాకా ఎక్కించి బిగించి వుంది. అల్లుడుగారు ఎప్పుడూ ముట్టుకోలేదట. మరి ఎవరు బిగించారు? ఎందుకు? ఇద్దరం కాఫీలు తెచ్చుకుని గడ్డిలో కూర్చుని ఆలోచించాం. జవాబు మూత చుట్టూ వున్న రబ్బరు పట్టీ చెప్పింది. గోరుతో గుచ్చితే రాయి. అణిగి, ఎండి, అప్పడం అయిపోయింది. మెత్తగా వున్నప్పుడు అది మూతని కిందినుంచి ఎత్తిపట్టి కదలకుండా వుంచేది. ఎండిపోయాక సందు వచ్చి, మూత గడగడలాడింది. ముందరి పెద్దాయనకి ఆ చప్పుడు భరించరానిదై వుంటుంది. రబ్బరు మార్చడం పెద్ద పని. చీల నాలుగు చుట్లు తిప్పడం ఒక నిమిషం పని. చప్పుడు పోయింది. ఆయన సంతోషించి వుంటాడు.

కాని ఆనాటి నుంచి పలక మీద బరువు పడింది. మామూలుగా వేలితో వచ్చే బుడిపె చేత్తో గుంజితే గాని రాని స్థితికి వచ్చింది. గుంజినప్పుడల్లా, తీగె బుడిపెని కలిసే చోట ఒంగి, ఒక పోచ తెగింది. పాత బండి గదా, కాస్త గట్టిగా లాగాలి కాబోలు అనుకున్నారు మా అల్లుడుగారు, తొమ్మిదేళ్ళూ. చప్పుడు చేసే జబ్బుని నోరు మూయిస్తే అది వెళ్ళి చప్పుడు చెయ్యని చోట కూర్చుంది.

"నేను కూడా లాగుతూనే వచ్చానండి. ఒక్కసారి మూత ఎందుకింత బిగిసి వుందని చూడలేదు" అన్నారాయన. ఆ మాట కారు గురించే అన్నారు. నేను మాత్రం మజ్జిగన్నం నాటి రాత్రి గుర్తొచ్చి కాఫీలోకి చూశాను.

మరమ్మతు సాయంత్రం దాకా సాగింది. పైముక్క విప్పేముందు దాని చుట్టూ పెన్సిలుతో గీత గీయించాను. విప్పింది విప్పినచోటే బిగించడానికి అంతకంటే సులువు లేదు. మా ఊళ్ళో వడ్రంగి మేస్త్రీ తలుపు బందులు విప్పేటప్పుడు చేసే పని అది. పలక, చీల, స్ప్రింగు మూడూ కిరసనాయిలు లాంటి నూనెలో నానబెట్టి పళ్ళు తోముకునే బ్రష్షుతో తోమాను. ఏభై ఏళ్ళ గ్రీజు నల్ల లక్కలాగా ఊడి వచ్చింది. కొత్త కేబులూ, కొత్త రబ్బరు పట్టీ ఆ కార్ల సామాను అమ్మే దుకాణంలో సిద్ధంగా దొరికాయి. ఏభై ఏళ్ళనాటి బండికి సామాను దొరకడం చూసి నాకు ఆశ్చర్యం, మన ఇంట్లో అయిదేళ్ళ మిక్సీకి జారు దొరకదు గదా! కేబులుకి గ్రీజు రాసి గొట్టంలోకి ఎక్కించడం నా వంతు. మనవరాలు వెనక కూర్చుని "వచ్చింది తాతయ్యా, వచ్చింది!" అని కొస అందుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అన్నీ బిగించాక సరదాగా మూత వేసెయ్యకూడదు. వేశాక కేబులు పని చెయ్యకపోతే మళ్ళీ మొదటికి వస్తాం. మూత తెరిచి వుండగానే స్క్రూడ్రైవరు మొనని చీల లాగా కింది ముక్కలో గుచ్చాలి. పలక పట్టుకుంటుంది. బుడిపె లాగాలి. వదలాలి. ఇలా పది సార్లు చూశాం. చీలని ముందు బాగా పొడుగు వుంచి, మూత వేసి చూసి, అర చుట్టు చొప్పున పొట్టి చేసుకుంటూ వచ్చాం. కొత్త రబ్బరు మందంగా వుంటుంది గనక మొదట్లో బిగుతుగానే తోస్తుంది. అది అణిగాక ఇంకో అర చుట్టు ఇచ్చుకోవచ్చు. చప్పుడు లేకుండా మూత నిలిచి, రెండు వేళ్ళతో బుడిపె వచ్చే చోట ఆపి నట్టు బిగించాం.

ఆఖర్న అల్లుడుగారు పలకకి ఒక సన్నటి ఉక్కు తీగె కట్టి, ఫ్యాను బెల్టుకీ పొగ గొట్టాలకీ దూరంగా, కారు కిందికి దించారు. కేబులు మళ్ళీ తెగితే వంగుని దీన్ని లాగవచ్చు. తెలిసినవాళ్ళకి తప్ప కనపడదు. ఇలాంటి దొంగతాడు పాత కార్ల వాళ్ళు చాలామంది పెట్టుకుంటారట.

"రేపు అమ్మేసే బండికి ఇదెందుకు బాబూ?" అన్నాను.

"కొన్నాయనకి చూపిస్తానండి" అన్నారు.

ఆదివారం నాలుగింటికి మనిషి వచ్చాడు. మర్యాదస్తుడే. చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, తలుపు తెరిచి బుడిపె లాగాడు. టక్. మూత లేచింది. అతను మళ్ళీ వేసి మళ్ళీ లాగాడు. ఇంకోసారి. ఈ వయసు కార్లలో ఇంత తేలిగ్గా రావడం తను చూడలేదన్నాడు. అల్లుడుగారు పెట్రోలు కారిన సంగతీ, కేబులు తెగిన సంగతీ, చీల సంగతీ ఏదీ దాచకుండా, పాత తీగె ముక్క చేతిలో పెట్టి మరీ చెప్పారు. ఆయన అంతసేపు మాట్లాడటం మా అమ్మాయి గుమ్మంలో నిలబడి విన్నది. ఆ మనిషి ధర దగ్గర బేరమాడలేదు. ఇంట్లో ఆవిడతో మాట్లాడి బుధవారం లోపల ఫోను చేస్తానని వెళ్ళాడు.

రాత్రి అమ్మాయి గిన్నెలు తుడుస్తూ, "నాన్నా, మూతని నొక్కమని నీకెలా తెలిసింది?" అంది. పెరటి తలుపు గుర్తులేదా అన్నాను. గుర్తుంది అంది. కాసేపాగి, "అది అంత తేలిగ్గా తెరుచుకోకుండా వున్నా బాగుండేదేమో" అంది. దేని గురించి అంటున్నదో నేను అడగలేదు.

ఇవాళ మంగళవారం. ఈ కాగితాలు రాస్తున్నంతసేపట్లో అల్లుడుగారి ఫోను రెండుసార్లు మోగింది. రెండుసార్లూ అమ్మాయే వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఎవరా అని చూసి వెళ్ళింది.